ఏ హెడ్‌ఫోను మంచిది? సముద్రాన్ని అడుగుదాం!

బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరంలో సూర్యలంక ఉంది. ఇసుక తిన్నెలు, సరుగుడు తోటలు, ఎడతెగని అలల హోరు, పక్కనే భారత వైమానిక దళ కేంద్రం. కార్తీక మాసం వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్ల జనం సముద్ర స్నానాలకూ, వనభోజనాలకూ అక్కడికే చేరతారు. కిందటి కార్తీకంలో మా పదో తరగతి పిల్లలను నేను అక్కడికే తీసుకువెళ్లాను. పులిహోర పొట్లాలు విప్పకముందే ఇద్దరు కుర్రాళ్ల మధ్య పెద్ద తగువు మొదలైంది.

తగువు హెడ్‌ఫోన్ల గురించి. ఒకడిది నల్లది, వాళ్ల అన్నయ్య నాలుగేళ్లు వాడి ఇచ్చినది. రెండోవాడిది ఎర్రది, దసరాకు కొన్నది. రెండూ చెవిని పూర్తిగా కప్పేవే. రెండింటికీ వెనుక వైపు మూత ఉంది. ఇక వాళ్లిద్దరూ రాక్ సంగీతమంటే చెవి కోసుకునేవాళ్లే!

"నాది పెట్టుకుంటే డ్రమ్ము గుండెల్లో మోగుతుంది" అంటాడు ఎర్రదాని వాడు. "నాది పెట్టుకుంటే గిటారు తీగె తీగె వినపడుతుందిరా, నీదంతా డబడబే" అంటాడు నల్లదాని వాడు. చివరికి ఇద్దరూ నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, ఏది మంచిదో మీరే చెప్పండి" అన్నారు.

మీరు నా స్థానంలో ఉంటే ఏం చేస్తారు? రెండూ ఒకదాని తరువాత ఒకటి పెట్టుకుని, ఒక పాట విని, తీర్పు చెప్పేస్తారు కదూ? నేను అట్లా చెయ్యలేదు. "తీర్పు చెప్పేది నేను కాదు, ప్రయోగం. పదండి!" అన్నాను. ఆ పూట మేము చేసిన ప్రయోగాలు మీకు కూడా చెబుతాను. ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు గనుక మీరు కూడా చేసి చూడవచ్చు.

గిన్నెలో ఏముంది?

ముందుగా హెడ్‌ఫోను లోపలికి తొంగిచూద్దాం. చెవిని కప్పే ప్రతి గిన్నెలోనూ ఒక చిన్న శాశ్వత అయస్కాంతం, సన్నని తీగెచుట్ట, ఆ చుట్టకు అతికించిన పలుచని పొర ఉంటాయి. ఫోను నుంచి వచ్చే విద్యుత్తు తీగెచుట్టలో అటూ ఇటూ దిశ మారుతూ ప్రవహిస్తుంది. అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగెలో విద్యుత్తు ప్రవహిస్తే దాని మీద బలం పనిచేస్తుందని మీరు చదువుకున్నారు, లేదా త్వరలో చదువుకుంటారు. ఆ బలం వల్ల తీగెచుట్ట, దానితోపాటు పొర ముందుకూ వెనక్కూ కంపిస్తాయి. పొర గాలిని కంపింపజేస్తుంది. మన చెవికి అదే పాట.

ఇక్కడే ఒక చిక్కుంది. పొర ముందుకు కదిలినప్పుడు చెవి వైపు గాలిలో సంపీడనం ఏర్పడుతుంది. సరిగ్గా అదే క్షణంలో వెనుక వైపు విరళీకరణం ఏర్పడుతుంది. ఈ రెండూ కలుసుకుంటే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మరి వెనుక వైపు పుట్టిన ధ్వనిని ఏం చెయ్యాలి?

ఇందుకు రెండు దారులున్నాయి. మొదటిది, గిన్నె వెనుక జల్లెడలా కన్నాలు పెట్టి ఆ ధ్వనిని బయటకు వదిలెయ్యడం. 1968లో జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ తెచ్చిన హెచ్‌డీ 414 ఈ రకంలో పేరుమోసినది. ఇందులో పాట విశాలంగా వినిపిస్తుంది, కాని బయటి రొద లోపలికి వస్తుంది, లోపలి పాట బయటకు పోతుంది. రెండోది, గిన్నె వెనుక మూసివేసి, లోపల స్పాంజి వంటి మెత్తని పదార్థం పెట్టి ఆ ధ్వనిని అక్కడే ఆపడం. పాటలు రికార్డు చేసే గదులలో గాయకులు పెట్టుకునేవి సాధారణంగా ఈ మూసిన రకమే. చెవిలో మోగే వాద్యాలు బయటకు పొక్కి మైకులో పడకూడదు కదా! 1991లో వచ్చిన సోనీ ఎండీఆర్-7506, 2014లో వచ్చిన ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ ఈ కోవకు చెందినవే.

మూసిన రకానికీ ఒక లోపం ఉంది. ఖాళీ బిందెలో మూతి పెట్టి "ఊ" అని చూడండి. ఒక ప్రత్యేకమైన స్వరం దగ్గర బిందె గుమ్మని మోగుతుంది. ఇదే అనునాదం. మూసిన గిన్నె కూడా ఒక చిన్న బిందెలాంటిదే. లోపలి స్పాంజి సరిగా లేకపోతే కొన్ని స్వరాలు అనవసరంగా ఉబ్బుతాయి.

రాక్ సంగీతం ఏమి అడుగుతుంది?

రాక్ గిటారు మన తెలుగు పాటకు కొత్తది కాదు. రమణ గోగుల "తమ్ముడు" (1999), "బద్రి" (2000) చిత్రాలకు కట్టిన బాణీలను మీ అమ్మానాన్నలు వినే ఉంటారు. అలాంటి పాటలో ఎన్ని రకాల ధ్వనులుంటాయో చూడండి. మామూలు నాలుగు తీగెల బేస్ గిటారు మీద అన్నిటికంటే లావు తీగె సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అనగా దాని పౌనఃపున్యం 41 హెర్ట్జ్. మామూలు గిటారు లావు తీగెది 82 హెర్ట్జ్. ఇక డ్రమ్ముల దగ్గర ఉండే తాళాల ధ్వనిలో 10,000 హెర్ట్జ్ దాటిన కంపనాలు కూడా ఉంటాయి.

గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. దీన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 41 హెర్ట్జ్ తరంగం పొడవు 8 మీటర్లకు పైమాటే. 10,000 హెర్ట్జ్ తరంగానిది మూడున్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఇంత తేడా ఉన్న తరంగాలను బొటనవేలంత పొర ఒక్కటే పలికించాలి. అది చిన్న పని కాదు!

రాక్ గిటారులో మరో విశేషం ఉంది. దాని సంకేతాన్ని ఆంప్లిఫైయరు మొయ్యగలిగినదానికంటే ఎక్కువగా కావాలనే పెంచుతారు. అప్పుడు తరంగపు శిఖరాలు కత్తిరించినట్లు చదునవుతాయి. అలా చదునైన తరంగంలో మూల స్వరానికి రెండింతలు, మూడింతలు, ఇంకా ఎక్కువ పౌనఃపున్యం గల అతిస్వరాలు పుష్కలంగా పుడతాయి. బరబరమనే ఆ గరుకుదనమే రాక్ గిటారుకు ప్రాణం.

మన చెవి రంధ్రం సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవున్న గొట్టం. ఒక కొన కర్ణభేరితో మూసి ఉంటుంది. ఇలాంటి గొట్టంలో గాలి సుమారు 3,000 హెర్ట్జ్ ప్రాంతంలో అనునాదం చెందుతుంది. అందుకే మన చెవి అక్కడ మహా చురుకు. రాక్ గిటారు గరుకుదనంలో చాలా భాగం పడేది కూడా ఆ చుట్టుపక్కలే. హెడ్‌ఫోను ఆ ప్రాంతాన్ని మరీ పెంచితే చెవి నొప్పి పుడుతుంది. మరీ తగ్గిస్తే గిటారు దుప్పటి కప్పుకున్నట్లుంటుంది.

మొదటి ప్రయోగం: కొలిచి విందాం

సరుగుడు నీడలో కూర్చుని, ఒకే ఫోను, ఒకే పాట, ఒకే వాల్యూము పెట్టి పిల్లలందరికీ రెండూ వినిపించాను. దాదాపు అందరూ ఎర్రదానికే ఓటు వేశారు. ఎర్రదాని వాడు కాలరెగరేశాడు.

"ఆగండి, రెండూ ఒకే గట్టిగా మోగాయా?" అని అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. ఒక దళసరి అట్టకు చిన్న కన్నం చేసి, కన్నం వెనుక మరో ఫోను మైకును ఆనించాం. ఆ ఫోనులో ధ్వని తీవ్రత కొలిచే ఆప్ ఉంది. అట్ట మీద హెడ్‌ఫోను గిన్నెను బోర్లించి, 500 హెర్ట్జ్ స్వరం మోగించాం. ఇలాంటి ఆప్ చూపే అంకె ఖచ్చితం కాకపోవచ్చు. కాని రెండింటినీ ఒకే కొలబద్దతో కొలుస్తున్నాం గనుక తేడా తెలుస్తుంది. ఎర్రది 5 డెసిబెళ్లు ఎక్కువ చూపింది!

ఇందులో వింతేమీ లేదు. ప్రతి హెడ్‌ఫోనుకూ తీగెచుట్ట అవరోధం వేరు, సూక్ష్మగ్రాహ్యత వేరు. ఇందాక చెప్పిన సోనీ హెడ్‌ఫోను అవరోధం 63 ఓమ్‌లు, ఆడియో-టెక్నికాది 38 ఓమ్‌లు. అందుచేత ఒకే ఫోనుకు, ఒకే వాల్యూము దగ్గర వేర్వేరు హెడ్‌ఫోన్లు వేర్వేరు గట్టిదనంతో మోగుతాయి. ఈ అంకెలు గట్టిదనం గురించి చెబుతాయే గాని నాణ్యత గురించి చెప్పవు.

గట్టిగా మోగేది మనకెందుకు మేలుగా తోస్తుంది? అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లో ఒక సంగతి ప్రకటించారు. ధ్వని మెల్లగా ఉన్నప్పుడు మన చెవి మంద్ర స్వరాలను సరిగా పట్టుకోలేదు. ధ్వని పెంచేకొద్దీ అవి మిగతావాటికంటే వేగంగా పుంజుకుంటాయి. అనగా కాస్త గట్టిగా మోగిన హెడ్‌ఫోనులో డ్రమ్ము, బేస్ గిటారు నిండుగా ఉన్నట్లు తోస్తాయన్నమాట!

ఇప్పుడు ఎర్రదానికి ఫోను వాల్యూము తగ్గించి, కొలతలో రెండూ సాధ్యమైనంత సమంగా ఉండేలా చూశాం. వినేవాళ్ల కళ్లకు తువ్వాలుతో గంతలు కట్టాం. ఏది ముందు పెట్టాలో నాణెం ఎగరేసి నిర్ణయించాం. చేతులతో తడమరాదన్నది నియమం. బరువు, మెత్తల స్పర్శ కొంత తెలిసిపోతాయి గనుక ఇది పూర్తి గుడ్డి పరీక్ష కాదు. అయినా మొదటిదానికంటే ఎంతో నయం. ఈసారి ఓట్లు చీలిపోయాయి. గిటారుకు నల్లది బాగుందన్నవారు కొందరు, డ్రమ్ముకు ఎర్రది బాగుందన్నవారు కొందరు. తగువు తీరలేదు గాని, నిజాయితీ గల తగువుగా మారింది.

రెండో ప్రయోగం: కళ్లజోడు చెప్పిన రహస్యం

అంతలో ఒక అమ్మాయి, "మాస్టారూ, ఎర్రదానిలో నాకు డ్రమ్మే సరిగా వినపడలేదండీ" అంది. మగపిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ అమ్మాయికి కళ్లజోడు ఉంది. "ఒకసారి జోడు తీసి వినమ్మా" అన్నాను. విన్న వెంటనే ఆమె కళ్లు పెద్దవయ్యాయి. డ్రమ్ము వచ్చేసింది!

కారణం తెలుసుకోవాలంటే సైకిలు పంపును గుర్తుతెచ్చుకోండి. పంపు గొట్టానికి చిన్న చిల్లు ఉందనుకుందాం. పిడిని నెమ్మదిగా నొక్కితే గాలి తాపీగా చిల్లులోంచి జారిపోతుంది, ఒత్తిడే పుట్టదు. గబుక్కున నొక్కితే గాలికి జారిపోయే వ్యవధి ఉండదు, ఒత్తిడి పుడుతుంది. మంద్ర స్వరమంటే నెమ్మదిగా కదిలే పొర. తార స్వరమంటే గబగబా కదిలే పొర. కళ్లజోడు కాడ వల్ల మెత్తకూ తలకూ మధ్య సందు ఏర్పడితే ముందుగా జారిపోయేది మంద్ర స్వరాలే.

ఇప్పుడు నల్లదాని మెత్తలు చూశాం. పైన రెక్సిను పెచ్చులూడి, లోపలి స్పాంజి అణగారిపోయి ఉంది. తలకు పెట్టుకుని, రెండు గిన్నెలనూ అరచేతులతో మెల్లగా లోపలికి అదిమితే డ్రమ్ము ఒక్కసారిగా నిండుగా మోగింది. నల్లదానిలో డ్రమ్ము పలచన కావడం లోపలి పొర తప్పు కాదు, అరిగిన మెత్త తప్పు! ఏ యంత్రాన్నయినా తిట్టేముందు దానికి రావలసినవి మనం ఇచ్చామా లేదా అని చూసుకోవాలి.

మూడో ప్రయోగం: అలల అంచున

అసలు పరీక్ష ఇది. సరుగుడు తోటలో, అలల హోరు తక్కువగా ఉన్నచోట, ఇద్దరు కుర్రాళ్లనూ హాయిగా వినపడేంత వాల్యూము పెట్టుకోమన్నాను. ఫోను తెరను చూడనివ్వలేదు. ఎన్నో మెట్టు దగ్గర ఆగారో ఒక అమ్మాయి పుస్తకంలో రాసుకుంది. తరువాత అలల అంచుకు వెళ్లి, మళ్లీ హాయిగా వినపడేలా సర్దుకోమన్నాను. ఎర్రదాని వాడు ఒక్క మెట్టు పెంచాడు. నల్లదాని వాడు నాలుగు మెట్లు పెంచాడు!

"వాడికి గట్టిగా వినడం అలవాటు మాస్టారూ" అన్నారెవరో. మంచి సందేహం. హెడ్‌ఫోన్లు మార్చి, ఇద్దరిచేతా మళ్లీ చేయించాం. ఈసారి నాలుగు మెట్లు పెంచింది ఎర్రదాని వాడు. ఎందుకంటే వాడి తలమీద ఇప్పుడు నల్లది ఉంది. తేడా కుర్రాడిది కాదు, హెడ్‌ఫోనుది.

సంగతి అర్థమైంది కదా! మూసిన హెడ్‌ఫోను సందు లేకుండా అతుక్కుంటే బయటి రొదను, ముఖ్యంగా హెచ్చు పౌనఃపున్యపు రొదను, చాలావరకు ఆపుతుంది. వైమానిక కేంద్రాలలో విమానాల పక్కన పనిచేసేవారు చెవులకు పెట్టుకునే రక్షణ కవచాలు దీనికి దాయాదులే. బస్సు ఇంజను మూలుగు వంటి మంద్ర రొదను మాత్రం ఇవి అంతగా ఆపలేవు. ఆ పనికి మరో ఉపాయం ఉంది. బయటి రొదను మైకుతో పట్టి, దానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని పుట్టించి రద్దు చెయ్యడం. భారతీయ తండ్రికి అమెరికాలో పుట్టిన అమర్ బోస్‌కు 1978లో విమాన ప్రయాణం చేస్తుండగా ఈ ఆలోచన తట్టింది. ఆయన సంస్థ 1989లో పైలట్ల కోసం అలాంటి హెడ్‌ఫోనును అమ్మకానికి తెచ్చింది.

ఇంత పట్టింపు ఎందుకు?

నాలుగు మెట్లు పెంచితే ఏమైందని మీరు అడగవచ్చు. జవాబు చెప్పే ముందు పిల్లలకు ఒక చిన్న ఆట చూపించాను. ఫోనులో 14,000 హెర్ట్జ్ స్వరం మోగించాను. పిల్లలు "అబ్బా!" అని చెవులు మూసుకున్నారు. నాకు మాత్రం సముద్రపు హోరు తప్ప మరేమీ వినపడలేదు.

వయసుతోపాటు తార స్వరాలు చెవికి దూరమవుతాయి. అది ప్రకృతి ధర్మం. కాని నా విషయంలో వయసు ఒక్కటే కాకపోవచ్చు. చిన్నప్పుడు నవమి పందిళ్లలో మైకు సెట్టు కొమ్ముకు ఎదురుగా కూర్చోవడమంటే నాకు మహా సరదా. ఇప్పుడు రాత్రి అంతా సద్దుమణిగాక నా కుడి చెవిలో జోరీగ మూలుగుతున్నట్లుంటుంది. అది ఆగదు.

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కర్ణావర్తం ఉంది. ఒక్కొక్క చెవిలో సుమారు 15,000 రోమకణాలు ధ్వనిని నాడీ సంకేతాలుగా మారుస్తాయి. పెద్ద ధ్వనులు ఎక్కువసేపు తగిలితే ఇవి దెబ్బతింటాయి. కోడిపిల్లలో చచ్చిన రోమకణం స్థానంలో కొత్తది పుడుతుంది. మనిషిలో మాత్రం అలా పుట్టదు. పోయింది పోయినట్లే!

ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ప్రకారం పిల్లలు 75 డెసిబెళ్ల ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. ప్రతి 3 డెసిబెళ్లకూ ధ్వని శక్తి రెట్టింపు అవుతుంది గనుక వినదగిన కాలం సగమవుతుంది. ఇప్పుడు లెక్క వేద్దాం. ఫోనులో ఒక్కొక్క మెట్టు 3 డెసిబెళ్లు అనుకుంటే, నాలుగు మెట్లు 12 డెసిబెళ్లు. 75 కాస్తా 87 అవుతుంది. శక్తి 16 రెట్లు. 40 గంటలు కాస్తా రెండున్నర గంటలవుతాయి. వారం మొత్తానికి! అరిగిన ఒక మెత్త ఎంత పని చేసిందో చూశారా?

ఇది పుస్తకాల లెక్క మాత్రమే కాదు. ఇంగ్లండుకు చెందిన "ది హూ" అనే రాక్ బృందం 1976లో ఇచ్చిన ఒక కచేరీ, అప్పటికి ప్రపంచంలో అతి గట్టి కచేరీగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఆ బృందంలో గిటారు వాయించిన పీట్ టౌన్‌షెండ్ తరువాతి కాలంలో వినికిడి దెబ్బతిని బాధపడ్డారు. అందుకు ఆయన వేదికలను కాదు, రికార్డింగు గదిలో గట్టిగా పెట్టుకుని విన్న హెడ్‌ఫోన్లనే తప్పుపట్టారు.

తీర్పు

ఇంతకూ ఏది మంచిది? మేము ఆ సాయంత్రం నిర్ణయించిన వరస ఇది. ముందు, మీ తలకూ మీ కళ్లజోడుకూ సందు లేకుండా ఏది అతుకుతుందో చూడండి. తరువాత, రొదలో ఉన్నప్పుడు ఏది తక్కువ వాల్యూముతోనే హాయిగా వినిపిస్తుందో చూడండి. ఆ పైన, గట్టిదనం సమం చేసి, గిటారు, డ్రమ్ము, గొంతు దేనికది విడిగా ఎందులో వినపడతాయో చూడండి. రంగు, ధర, పెట్టె మీది అంకెలు వీటి తరువాతే.

నల్లదాని వాడు తరువాతి వారం కొత్త మెత్తలు వేయించుకుని బడికి వచ్చాడు. పాత హెడ్‌ఫోనే కొత్తగా పాడుతోందన్నాడు. "ఇప్పుడు ఎన్ని మెట్లు?" అని అడిగాను. "రెండు తగ్గించానండీ" అన్నాడు. రాక్ సంగీతం మానెయ్యమని నేను వాడికి చెప్పలేదు, మీకూ చెప్పను. నా వయసు వచ్చాక కూడా మీరు దాన్ని వినాలన్నదే నా కోరిక.

మీ ఊళ్లో సముద్రం లేకపోతే ఫరవాలేదు. ఆగి ఉన్న ట్రాక్టరో, రైసు మిల్లో, సంత రోజు సందడో చాలు. రొదకు కాస్త దూరంగా ఒకసారి, దగ్గరగా ఒకసారి విని, ఎన్ని మెట్లు పెంచారో రాసుకోండి. ఒక్కటి మాత్రం మరవకండి. రోడ్డు మీద, సైకిలు మీద, రైలు పట్టాల దగ్గర ఈ ప్రయోగం వద్దు. బాగా మూసిన హెడ్‌ఫోను వెనుక వచ్చే లారీ హారనును కూడా మూసేస్తుంది!